కారు లైట్లు: ఏవి ఎప్పుడు వేయాలి, ఎప్పుడు దించాలి

చాలామందికి కారు లైట్లంటే బయల్దేరేటప్పుడు ఒకసారి వేసి, ఇల్లు చేరాక ఆపేసేవి. మధ్యలో ఊళ్లు వస్తాయి, వీధిదీపాలు వస్తాయి, ఎదురుగా బండ్లు వస్తాయి, వాన పడుతుంది, లైట్లు మాత్రం వేసినవి వేసినట్టే ఉంటాయి. హైదరాబాద్‌లో ఎత్తిన హై బీమ్‌ను, అంటే నేరుగా దూరానికి పడే వెలుగును, విజయవాడ దాకా దించనివాళ్లు ఉన్నారు, చీకటి పడి గంటైనా పార్కింగ్ లైట్లతోనే నడిపేవాళ్లూ ఉన్నారు. రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే. రాత్రిపూట బ్రేకు మీద కాలు ఎంత సిద్ధంగా ఉంటుందో లైట్ల లీవర్ మీద చెయ్యి కూడా అంత సిద్ధంగా ఉండాలి. ఈ అలవాటు ఒక్కటి వస్తే మిగతావన్నీ సులువు.

ముందు ఆ లీవర్ సంగతి చూద్దాం. మన దగ్గర తిరిగే ఎక్కువ కార్లలో అది స్టీరింగ్‌కు కుడివైపు ఉంటుంది, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా లాంటి యూరప్ కంపెనీల కార్లలో ఎడమవైపు ఉంటుంది. దాని చివర తిప్పితే మొదటి క్లిక్‌కు పార్కింగ్ లైట్లు, వాటితోపాటు వెనక ఎర్ర లైట్లు, నంబర్ ప్లేట్ లైటు వెలుగుతాయి. రెండో క్లిక్‌కు హెడ్‌లైట్లు, అంటే లో బీమ్, కిందికి వంగి దగ్గరి రోడ్డు మీద పడే వెలుగు. లీవర్‌ను ముందుకు నెడితే హై బీమ్, అప్పుడు మీటర్ల దగ్గర నీలం రంగు గుర్తు వెలుగుతుంది. మీ వైపు లాగి వదిలితే ఒక్క క్షణం హై బీమ్ మెరిసి ఆగిపోతుంది, మనవాళ్లు డిప్పర్ కొట్టడం అనేది దీన్నే. ఆ నీలం గుర్తు ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. ఎదురుగా బండి వస్తున్నప్పుడు అది వెలుగుతూ ఉంటే ఎదుటివాడి కళ్లలో మీ లైటు పడుతోందని అర్థం.

పార్కింగ్ లైట్లు పేరుకు తగ్గట్టే ఆపిన బండికి. చీకట్లో రోడ్డు పక్కన కాసేపు ఆపినప్పుడు బండి ఉందని వెనకవాళ్లకు తెలియడానికి అవి. వాటితో బండి నడపకూడదు, మీకు రోడ్డు కనిపించదు, ఎదుటివాళ్లకు మీ దూరం అంచనా దొరకదు.

ఇక పగటిపూట ముందు వెలిగే తెల్లటి చారలు, డీఆర్‌ఎల్‌లు, అంటే డేటైమ్ రన్నింగ్ లైట్లు. ఇంజిన్ స్టార్ట్ చేయగానే వాటంతట అవే వెలుగుతాయి. అవి ఎదుటివాళ్లకు మీ కారు కనిపించడానికే తప్ప మీకు దారి చూపడానికి కాదు. ఇందులో ఒక పెద్ద చిక్కుంది. చాలా కార్లలో డీఆర్‌ఎల్ వెలిగినా వెనక ఎర్ర లైట్లు వెలగవు. ఇప్పటి కార్లలో స్పీడోమీటర్ స్క్రీన్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, సిటీలో వీధిదీపాల వెలుతురు ఎలాగూ ఉంటుంది, ముందున్న బండి మీద మన డీఆర్‌ఎల్ వెలుగు పడుతుంటుంది, దాంతో లైట్లు వేశామనే అనుకుంటాం. వెనక మాత్రం కారు మొత్తం చీకటి. సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడే వేళ, సెల్లార్‌లోంచి పైకి వచ్చేటప్పుడే లీవర్ రెండో క్లిక్‌లో ఉందో లేదో చూసుకోండి. లీవర్ మీద ఆటో అని ఉంటే చీకటి పడినప్పుడు అదే వేస్తుంది, కానీ పగటిపూట పొగమంచును, జోరువానను అది పట్టుకుంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. అప్పుడు చేత్తో వేసుకోవాల్సిందే.

ఎప్పటినుంచి వేయాలి? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం సూర్యాస్తమయమైన అరగంట తర్వాత నుంచి సూర్యోదయానికి అరగంట ముందు దాకా, ఇంకా వెలుతురు చాలని ఏ సమయంలోనైనా లైట్లు ఉండాల్సిందే. నేనైతే ఆ అరగంట కూడా ఆగొద్దంటాను. పొద్దుగూకే వేళే కళ్లు బాగా మోసపోతాయి, బూడిద రంగు కారు, తారు రోడ్డు, మసక ఆకాశం అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. బైకులకు 2017 ఏప్రిల్ 1 నుంచి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగి ఉండేలా తయారు చేయాలని పెట్టింది కూడా అవతలివాళ్లకు కనిపించడానికే.

లో బీమ్ ఎంత దూరం చూపిస్తుంది

రాత్రి మామూలుగా వాడాల్సింది లో బీమే. సిటీలో, ఊళ్లలో, వీధిదీపాలున్న చోట, ఔటర్ రింగ్ రోడ్డు లాంటి వెలుతురున్న రోడ్ల మీద, ఎదురుగానో ముందో బండి ఉన్న ప్రతిచోటా ఇదే. దీని వెలుగు గోడ మీద పడితే పైన గీత గీసినట్టు ఆగిపోతుంది, ఎడమవైపు మాత్రం కొంచెం పైకి లేస్తుంది. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి రోడ్డు అంచున నడిచే మనుషులు, బోర్డులు కనిపించాలి, కుడివైపు ఎదురొచ్చేవాడి కళ్లలో పడకూడదు, అందుకే అలా చేస్తారు.

కానీ దీనికో హద్దుంది. మామూలు హాలోజెన్ లో బీమ్‌లో ముదురు రంగు వస్తువు సుమారు 40 నుంచి 60 మీటర్ల దూరంలో గానీ స్పష్టంగా కనబడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఏదో కనిపించి, అదేంటో అర్థమై, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సెకనున్నర, అంటే 33 మీటర్లు అయిపోతాయి. ఆ తర్వాత బండి ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో 35 మీటర్లు. మొత్తం 68. అంటే కనిపించిన దూరంలో ఆగలేం. అదే 60 వేగంలో అయితే 45 మీటర్ల లోపు ఆగుతుంది.

ఈ లెక్క ఎక్కడ పనికొస్తుందంటే పత్తి సీజన్‌లో వరంగల్, ఆదిలాబాద్ వైపు రోడ్ల మీద. ట్రాక్టర్ ట్రాలీ నిండా పత్తి, రెండు పక్కలా బయటికి పొంగి ఉంటుంది, వెనక లైటు ఉండదు, ఉన్నా పత్తి కింద కప్పబడి ఉంటుంది, రిఫ్లెక్టర్ స్టిక్కర్ మీద మట్టి. లో బీమ్‌లో ముందు కనిపించేది దాని టైర్లే, అప్పటికి మీరు దాని వెనకే ఉంటారు. వరి కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ హద్దుగా పెట్టిన రాళ్లు కూడా ఇంతే, వడ్లు ఎత్తేసినా రాళ్లు మిగిలిపోతాయి. అందుకని ఎదురుగా బండ్లు ఆగకుండా వస్తూ లో బీమ్‌తోనే పోవాల్సి వస్తే వేగం 60కి దించండి. రోడ్డు ఖాళీ అయ్యిందా, అక్కడ హై బీమ్ వేయడం మీ హక్కు, అవసరం కూడా.

హై బీమ్: ఎత్తడం, దించడం

హై బీమ్ వేయడమే తప్పన్నట్టు కొందరు చెబుతారు, అది సరికాదు. వీధిదీపాలు లేని రోడ్డు మీద, ఎదురుగా, ముందు ఎవరూ లేనప్పుడు హై బీమ్ వేయకపోవడమే తప్పు. వంద మీటర్లకు పైగా చూపిస్తుంది, గేదె కళ్లు మెరవడం, గుంత నీడ, నడిచొచ్చే మనిషి ముందే తెలుస్తాయి. చేయాల్సిందల్లా సమయానికి దించడం.

ఎప్పుడు దించాలి? ఎదుటి బండి హెడ్‌లైట్లు రెండుగా విడిగా కనిపించడం మొదలైతే చాలు, దించేయండి. వాడు దించాక నేను దించుతాననే పంతం వద్దు. ముందు వెళ్లే బండికి దగ్గరయ్యేటప్పుడు కూడా దించాలి, ఇది చాలామందికి తట్టదు, మీ హై బీమ్ దాని మూడు అద్దాల్లోంచీ డ్రైవర్ కళ్లలో పడుతుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు పక్కకు వచ్చేదాకా లో బీమ్, పక్కకు వచ్చాక ముందు రోడ్డు ఖాళీగా ఉంటే అప్పుడు హై. మలుపులోనూ, ఎత్తు ఎక్కుతున్నప్పుడూ అవతలి బండి కనిపించకముందే దాని వెలుగు చెట్ల మీదో గాల్లోనో కనిపిస్తుంది, దించాల్సింది ఆ వెలుగు చూసినప్పుడే. నాలుగు లైన్ల హైవే మీద డివైడర్‌లో గన్నేరు చెట్లు ఉన్నాయి కదా అని హై బీమ్‌లో పోతుంటారు, చెట్లు లేని ఖాళీలు వస్తూనే ఉంటాయి, పైగా లారీ డ్రైవర్ కళ్లు ఆ చెట్ల కంటే ఎత్తులో ఉంటాయి. అక్కడా దించాల్సిందే. నడిచొచ్చేవాళ్లకు, సైకిళ్లవాళ్లకు కూడా దించండి, వాళ్లకూ కళ్లున్నాయి, కళ్లు బైర్లు కమ్మితే పక్కనున్న కాలవలో పడేది వాళ్లే.

ఎదుటివాడు ఎంతకీ దించకపోతే ఒకసారి డిప్పర్ కొట్టండి. వినకపోతే వదిలేయండి. కోపంతో మీరూ హై బీమ్ ఎత్తితే గంటకు 80తో ఎదురెదురుగా వచ్చే ఇద్దరు డ్రైవర్లకూ కళ్లు కనిపించవు, ఇంతకంటే ఘోరం ఉండదు. ఆ లైటు వైపు చూడకుండా రోడ్డు ఎడమ అంచున తెల్ల గీతను చూస్తూ, వేగం తగ్గించి, ఆ బండి దాటేదాకా దాన్ని పట్టుకుని వెళ్లండి. దాటిపోయాక కూడా కళ్లు కుదుటపడటానికి కొన్ని సెకన్లు పడుతుంది, వెంటనే వేగం పెంచొద్దు. వెనకవాడి హై బీమ్ ఇబ్బంది పెడుతుంటే లోపలి అద్దం కింద చిన్న పిడి ఉంటుంది, దాన్ని తిప్పితే అద్దం మసకబారుతుంది. అలాగే రాత్రి నడిపేటప్పుడు కారు లోపలి లైటు వేసి ఉంచకండి, పిల్లలు అడిగినా సరే, ముందు అద్దం మీద లోపలి వెలుగు పడి బయటిది కనిపించదు.

డిప్పర్ భాషలో ఒక జాగ్రత్త. మన రోడ్ల మీద ఎదుటి లారీ లైట్లు మెరిపిస్తే ఎక్కువసార్లు దానర్థం నేను వస్తున్నా, నువ్వు ఆగు అని. ఇంగ్లండ్ లాంటి చోట్ల అదే మెరుపుకు నువ్వు వెళ్లు అని అర్థం తీసుకుంటారు, అక్కడ నడిపి సెలవులకు ఊరొచ్చినవాళ్లు ఇక్కడ ఆ లెక్కన ముందుకు దూరితే ప్రమాదం.

ఇండికేటర్లు, నాలుగూ కలిపి వేయడం

ఇండికేటర్ తిరిగే ముందు వేయాలి, తిరుగుతూ కాదు. హైవే మీద లైన్ మారాలంటే కనీసం మూడు నాలుగు సెకన్ల ముందు. లారీల దగ్గర ఇంకో తలనొప్పి ఉంది, కొందరు లారీ డ్రైవర్లు కుడి ఇండికేటర్ వేసి నన్ను ఓవర్‌టేక్ చెయ్ అంటారు, అదే ఇండికేటర్‌తో నిజంగా కుడికి తిరిగేవాళ్లూ ఉంటారు. కాబట్టి ఆ ఇండికేటర్‌ను నమ్మి బయటికి రాకండి. ముందు రోడ్డు మీ కంటికి కనిపించాలి, కుడివైపు సందు గానీ పెట్రోలు బంకు గానీ డివైడర్‌లో ఖాళీ గానీ లేదని చూసుకోవాలి.

హజార్డ్ లైట్లు, అంటే ఎర్ర త్రికోణం బటన్ నొక్కితే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునేవి, మన దగ్గర అన్నిటికంటే తప్పుగా వాడేవి ఇవే. చౌరస్తాలో నేరుగా వెళ్తున్నానని చెప్పడానికి నాలుగూ వేస్తారు. ఆ చౌరస్తాలో ఎడమవైపు నిలబడ్డ ఆటోవాడికి మీ ఎడమ ఇండికేటర్ ఒక్కటే కనిపిస్తుంది, ఎడమకు తిరుగుతున్నారనుకుని బయటికొస్తాడు, కుడివైపు ఉన్నవాడికి కుడిది ఒక్కటే కనిపిస్తుంది, వాడూ అలాగే అనుకుంటాడు. నేరుగా వెళ్లేవాళ్లు ఏ ఇండికేటరూ వేయనక్కర్లేదు. వానలో వేసుకుని నడపడం కూడా ఇలాంటిదే. నాలుగూ కొట్టుకుంటుంటే మీరు లైన్ మారుతున్న సంగతి చెప్పే దారి ఉండదు, వెనకవాడికి మీరు ఆగి ఉన్నారో కదులుతున్నారో తెలియదు.

వాటి అసలు పని బండి ఆగిపోయినప్పుడు, లేదా ముందు ట్రాఫిక్ ఒక్కసారిగా ఆగి, వెనక వేగంగా వచ్చేవాళ్లను హెచ్చరించాల్సినప్పుడు. ‘ఆగి ఉన్న లారీని ఢీకొట్టిన కారు’ అనే వార్త మనం తరచూ చదువుతుంటాం. హైవే మీద బండి చెడితే వీలైనంత ఎడమకు తీసి, హజార్డ్‌తోపాటు పార్కింగ్ లైట్లు కూడా వేసి, డిక్కీలో కంపెనీ ఇచ్చిన ఎర్ర త్రికోణాన్ని బండికి ఆనించి కాకుండా వెనక్కి నడిచి 50 మీటర్ల దూరంలో, వేగంగా బండ్లొచ్చే హైవే అయితే వంద మీటర్ల దూరంలో పెట్టండి. లోపల ఉన్నవాళ్లను దింపి రెయిలింగ్ అవతలికి పంపండి, బండి వెనక ఎవరూ నిలబడొద్దు. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయండి.

పొగమంచు, వాన, ఘాట్

డిసెంబరు, జనవరిలో లంబసింగి వెళ్లేవాళ్లు తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరతారు, దట్టమైన మంచులో బండి పడగానే చెయ్యి అలవాటుగా హై బీమ్ మీదికి పోతుంది. వేస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు, ఎందుకంటే ఆ వెలుగు మంచు బిందువుల మీద పడి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది. మంచులో లో బీమ్, దాంతోపాటు ఫాగ్ లైట్లు. ఫాగ్ లైట్లు బంపర్‌లో కిందగా ఉండి, వెడల్పుగా, బల్లపరుపుగా వెలుగు పరుస్తాయి, మంచు కింద నుంచి రోడ్డు అంచు, తెల్ల గీత కనిపిస్తాయి. పసుపు రంగుదైతేనే పనిచేస్తుందని షాపులో చెబుతారు, నిజానికి రంగు కంటే అది ఎంత కిందగా ఉంది, వెలుగు ఎంత పరుచుకుంటోంది అన్నదే ముఖ్యం. మంచు పోయాక ఆపేయండి, అందం కోసం సిటీలో వేసుకుని తిరగడానికి కాదు.

కొన్ని కార్లలో వెనక కూడా ఫాగ్ లైటు ఉంటుంది, బటన్ నొక్కితే డాష్‌బోర్డులో పసుపు గుర్తు వస్తుంది. అది బ్రేక్ లైటంత గట్టిగా వెలుగుతుంది. దట్టమైన మంచులో ప్రాణం కాపాడుతుంది, మామూలు రాత్రి వేస్తే వెనకవాడి కళ్లు మండుతాయి, మీరు బ్రేకు వేసింది కూడా వాడికి తెలియదు.

వానలో పగలైనా లో బీమ్ వేయండి. వైపర్ వేశారంటే లైట్లు కూడా వేయాలని అలవాటు చేసుకుంటే మర్చిపోరు.

పాడేరు, అరకు, మారేడుమిల్లి ఘాట్లలో రెండు వైపులా బండ్లు వస్తాయి. అక్కడ రాత్రి గుడ్డి మలుపుకు ముందు ఒకటి రెండుసార్లు హై, లో మార్చి హారన్ కొడితే అవతలివాడికి తెలుస్తుంది, మలుపు తిరిగేటప్పుడు మాత్రం లో బీమ్‌లోనే ఉండాలి. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు కాబట్టి ఎదురు బండ్లు ఉండవు, అయినా ముందు వెళ్లే బండి అద్దాల్లో మీ హై బీమ్ పడుతుంది, అది మలుపులో అతనికి కష్టం.

లో బీమ్ కూడా కళ్లలో పడుతుందంటే

మీరు లో బీమ్‌లోనే ఉన్నా ఎదుటివాళ్లు పదేపదే డిప్పర్ కొడుతున్నారంటే మీ లైట్లు పైకి చూస్తున్నాయి. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఐదుగురు ఎక్కి, తిరుగు ప్రయాణంలో డిక్కీలో బియ్యం బస్తా, పిండివంటల డబ్బాలు వేశాక కారు వెనక్కి కుంగి ముందుభాగం లేస్తుంది, లో బీమ్ పోయి ఎదుటివాడి ముఖం మీద పడుతుంది. దీనికోసమే స్టీరింగ్ పక్కన కింద 0, 1, 2, 3 అని అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది, చాలామంది కారు కొన్నప్పటినుంచీ దాన్ని ముట్టుకుని ఉండరు. డ్రైవర్ ఒక్కడే ఉంటే సున్నా. బరువు పెరిగేకొద్దీ అంకె పెంచితే లైటు కిందికి దిగుతుంది. బరువు దించాక మళ్లీ సున్నాకు తెచ్చుకోండి, లేకపోతే రోడ్డు కనిపించదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు కూడా. టైర్లలో గాలి సరిగ్గా ఉన్నప్పుడు, చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో కారు పెట్టి లో బీమ్ వేయండి. నేల నుంచి హెడ్‌లైటు మధ్యభాగం ఎత్తు కొలిచి గోడ మీద అదే ఎత్తులో గుర్తు పెట్టండి. వెలుగు పైగీత ఆ గుర్తుకు సుమారు 10 సెంటీమీటర్లు కిందుండాలి. పైన ఉంటే మెకానిక్ దగ్గర లైటు వెనక స్క్రూ తిప్పించుకోండి, నిమిషాల పని.

ఎల్‌ఈడీ బల్బుల గురించి గట్టిగా చెప్పాలి. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లతో వచ్చిన కారుతో ఇబ్బంది లేదు. హాలోజెన్ కోసం చేసిన లైటులో బయట కొన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టించడమే తప్పు. లోపలి రిఫ్లెక్టర్‌ను హాలోజెన్ ఫిలమెంట్ ఉండే చోటును బట్టి తయారు చేస్తారు, ఎల్‌ఈడీ చిప్ సరిగ్గా అక్కడ ఉండదు, వెలుగు చెల్లాచెదురై పైకి లేస్తుంది. మీకు కారు ముందు పది మీటర్లు తెల్లగా మెరిసిపోతుంటే లైటు అదిరిందనిపిస్తుంది, దూరం మాత్రం సరిగా కనిపించదు, ఎదుటివాడికి కళ్లు పోతాయి. 8 మీటర్ల దూరంలో, కన్ను మీటరున్నర ఎత్తులో ఉన్న మనిషికి మిరుమిట్లు గొలపకూడదన్నది నిబంధన. 60/55 వాట్ల హెచ్4 బల్బు ఉండాల్సిన చోట 100/90 వాట్లది పెట్టిస్తే హోల్డర్, వైరింగ్ కరిగే ప్రమాదం కూడా ఉంది. వెలుగు చాలట్లేదనిపిస్తే ముందు హెడ్‌లైటు ప్లాస్టిక్ పసుపెక్కిందేమో చూడండి, ఎండకు అలా అవుతుంది, దాన్ని పాలిష్ చేయించి పాత బల్బులు రెండూ ఒకేసారి మార్పిస్తే తేడా మీకే తెలుస్తుంది. హాలోజెన్ బల్బు గాజును వట్టి వేళ్లతో పట్టుకోవద్దు, చేతి నూనె అంటుకున్న చోట వేడెక్కి తొందరగా పోతుంది.

బ్రేక్ లైట్లు చూసుకోవడానికి ఇంకొకరు అక్కర్లేదు, రాత్రి ఏదైనా షట్టర్‌కో గోడకో వెనక్కి పెట్టి బ్రేకు తొక్కితే అద్దాల్లో ఎరుపు కనిపిస్తుంది. ఎడమది, కుడిది, మధ్యలోది మూడూ చూడండి.

దారి మధ్యలో ఒక హెడ్‌లైటు పోతే, ముఖ్యంగా కుడివైపుది పోతే, ఎదుటివాడు మిమ్మల్ని బైకు అనుకుని దగ్గరగా వస్తాడు. ఫాగ్ లైట్లు ఉంటే వేసి రెండు వైపులా వెలుగు కనిపించేలా చేసి, ఎడమకు జరిగి మెల్లగా వచ్చే ఊరి దాకా వెళ్లి బల్బు మార్పించండి, డాష్‌బోర్డు అరలో ఒక బల్బు, రెండు ఫ్యూజులు ఎప్పుడూ ఉంచుకోండి. రెండు లో బీమ్‌లూ ఒకేసారి పోతే ఫ్యూజో రిలేనో అయ్యుంటుంది, అదే ఆంపియర్ల ఫ్యూజు మార్చి చూడండి. అయినా వెలగకపోతే ఇంకో బండి వెనక దాని వెలుగులో పోదామనుకోవద్దు, దగ్గర్లోని పెట్రోలు బంకులోనో దాబాలోనో ఆపి తెల్లారేదాకా అక్కడే ఉండండి.